పాలు మానని సామేలు

పోయిన నెల తాడేపల్లిగూడెంలో ఒక చర్చి యువజనుల కూటానికి నన్ను మాట్లాడమని పిలిచారు. పిలవడానికి వచ్చిన కుర్రాడు చాలా మర్యాదస్తుడు. చెప్పులు వీధిలోనే విడిచి, కుర్చీ చూపిస్తే అంచున కూర్చుని, "ఇశ్రాయేలు నాయకుల గురించి చెప్పాలండీ అమ్మమ్మగారూ. వాళ్ల దగ్గర్నుంచి మా యూత్ విశ్వాసం గురించి ఏం నేర్చుకోవాలన్నది టాపిక్కండీ. పాయింట్లుగా చెప్తే మావాళ్లు రాసుకుంటారండీ" అన్నాడు. బతుకంతా బడిపంతులమ్మగా గడిపినదాన్ని, పాయింట్లు చెప్పడం నాకేం బ్రహ్మవిద్య కాదు. వెళ్లాను. మోషే ఓర్పు, యెహోషువ ధైర్యం, గిద్యోను కొద్దిమందితో నెగ్గుకు రావడం, దెబోరా చెట్టు కింద కూర్చుని తీర్పు చెబితే మీసాలున్నవాళ్లంతా నోరు మూసుకుని వినడం, అన్నీ వరసగా చెప్పాను. దెబోరా దగ్గర ఆడపిల్లలు చప్పట్లు కూడా కొట్టారు. అయిపోయింది, ఇంక టీ ఇస్తారనుకుంటుండగా వెనక వరసలో ఒక పిల్ల లేచి, "సమూయేలు గురించి చెప్పలేదేంటండీ అమ్మమ్మగారూ? మాకు చిన్నప్పట్నుంచీ అన్నిటికంటే ఇష్టమైంది ఆ కథేనండీ" అంది. గొంతు పట్టేసిందమ్మా అని మంచినీళ్లు తాగి కూర్చున్నాను. బస్సులో ఏలూరు వచ్చేదాకా ఆ పిల్ల ముఖమే కళ్ల ముందుంది. తనకివ్వాల్సిన జవాబు నేనింతవరకూ ఎవరికీ ఇవ్వలేదు, కన్న పిల్లలకి కూడా. అందుకని కూర్చుని రాస్తున్నాను.

మాది కలిదిండి వైపు కొల్లేటి ఒడ్డున ఒక చిన్న పల్లె. నాన్న ఆ పల్లెకి ఉపదేశి. అంటే ఆరు రోజులు బడి చెప్పాలి, ఏడో రోజు ప్రార్థన జరిపించాలి, మధ్యలో రోగులకీ చావులకీ మొగుడూ పెళ్లాల తగాదాలకీ కూడా ఆయనే వెళ్లాలి. ఊరంతా ఆయన్ని అయ్యగారూ అనేది. బడీ గుడీ ఒకటే పాక, మట్టిగోడలు, పైన జమ్ముకప్పు. మా ఇల్లు దాని పక్కనే. వానాకాలమంతా ఇంట్లో బురద వాసన, ఎండాకాలమంతా ఎండుచేపల వాసన. ఆదివారం పొద్దున మాత్రం ఇల్లంతా గంజి వాసన వేసేది. నాన్నకున్న ఒక్క మంచి చొక్కాకి అమ్మ ముందురోజే గంజి పెట్టి, తెల్లవారగానే ఇత్తడి చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసేది. ఆ చొక్కా వేసుకున్నాక నాన్న మాతో కూడా కాస్త పుస్తకాల భాషలో మాట్లాడేవారు. దాన్ని విప్పి చిలక్కొయ్యకి తగిలిస్తే మళ్లీ మామూలు మనిషి. మా నాయనమ్మ అప్పుడే ఆయన్ని ఏదైనా అడగాలనేది.

ఆదివారం మధ్యాహ్నం పిల్లలకి ఇశ్రాయేలు నాయకుల కథలు చెప్పేవారు. చెప్పడమంటే కూర్చోబెట్టి చెప్పడం కాదు. గిద్యోను కథ వస్తే మమ్మల్నందరినీ ఎండలో పరిగెత్తించి, దాహం వేశాక కొల్లేటి ఒడ్డుకి తీసుకెళ్లి తాగమనేవారు. చేత్తో నీళ్లు తీసుకుని తాగినవాళ్లు గిద్యోను సైన్యం. బోర్లాపడి గొడ్డులా మూతి పెట్టినవాళ్లు ఇంటికెళ్లిపోవాలి. వాళ్ల ఏడుపులు వాళ్ల అమ్మలు వచ్చి తీర్చాల్సిందే. యెరికో కోట కథకి తాటాకు బూరలు ఊదుకుంటూ బడిపాక చుట్టూ తిరిగాం. ఆ వారంలోనే వానకి నానిన పడమటి గోడ నిజంగానే కూలిపోయింది. పిల్లలందరికీ పట్టరానంత సంతోషం. పెద్దవాళ్లకి మాత్రం మళ్లీ మట్టి తొక్కే పని పడింది. కథ పూర్తయ్యాక నాన్న రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, "అయితే మనకేంటి?" అని అడిగేవారు. ఎప్పుడో ఎడారిలో ఎవడో ఏదో చేశాడు, ఇక్కడ తుంగలో పీతలు పట్టుకునే మనకి దానివల్ల ఏమొచ్చింది అని. దానికి మేం జవాబు చెప్పాలి. విశ్వాసం అన్న మాటకి అర్థం నేను ఆ ప్రశ్నలోనే నేర్చుకున్నాను. కథ విని ఊరుకోకూడదు, అందులోకి దిగాలి. మా ఇంట్లో అందరికంటే లోతుకి దిగిన మనిషి అమ్మ. అమ్మకి చదువు రాదు. వంటింటి గుమ్మంలో చేట పట్టుకుని నిలబడి వినేది. విన్నది విన్నట్టు నమ్మేది.

నా తర్వాత పుట్టిన పిల్లలెవరూ అమ్మకి దక్కలేదు. ఒకరు పురిట్లోనే, ఇంకొకరు పాకే వయసులో జ్వరమొచ్చి పోయారు. ఒక ఏడు కోతపండక్కి ఏలూరు మిషను గుడికి వెళ్లినప్పుడు అందరూ కొత్త ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి ముందు పెడుతుంటే అమ్మ ఒట్టి చేతులతో మోకరించి ఎంతకీ లేవలేదు. తిరిగొచ్చేటప్పుడు పడవలో నాన్నకి చెప్పింది. గ్రంథంలో పిల్లల్లేని హన్నా మొక్కుకున్నట్టే మొక్కుకున్నానండీ, మగపిల్లవాణ్ణిస్తే పాలు మానగానే గుడికిచ్చేస్తానన్నాను అని. ఏడాది తిరగకుండా తమ్ముడు పుట్టాడు. నాన్న వాడికి సమూయేలని పేరు పెట్టారు. పల్లె నోట్లో పడి సామేలయ్యాడు.

మొక్కులో ఉన్న మాట పాలు మానగానే అని. అమ్మ ఆ మాటని పట్టుకుంది. మా పల్లెలో పిల్లలు నడక రాగానే, మరీ గారాబమైతే మాటలు రాగానే పాలు మానేవారు. సామేలు నడిచాడు, మాట్లాడాడు, ఈత నేర్చాడు, జెల్లచేప ముల్లు గుచ్చుకోకుండా పట్టడం నేర్చాడు. పాలు మాత్రం మానలేదు. ఈ వానాకాలం పోనీండి అనేది అమ్మ. దగ్గుగా ఉందండీ, తగ్గనీండి అనేది. పక్క ఊళ్లో అమ్మవారు పోసిందట, ఇప్పుడు మానిపిస్తే బలం తగ్గిపోతాడనేది. ఏడాదికి పన్నెండు నెలలూ అమ్మ దగ్గర ఒక కారణం ఉండేది. వాడు గోళీలాడుతూ ఆడుతూ మధ్యలో ఇంట్లోకి పరిగెత్తేవాడు, మూతి తుడుచుకుంటూ వచ్చి మళ్లీ గోళీ అందుకునేవాడు. నీళ్లరేవులో ఆడవాళ్లు, "సామేలూ, మీసాలొచ్చాక మానేస్తావా ఏంట్రా?" అని ఏడిపించేవారు. వాడు కూడా నవ్వేవాడు. వాళ్లకి మొక్కు సంగతి తెలియదు. తెలిసిన మేం ముగ్గురం, నేనూ నాన్నా నాయనమ్మా, నవ్వేవాళ్లం కాదు. అప్పటికి అమ్మకి పాలున్నాయో లేవో కూడా నాకు తెలియదు.

నన్ను అప్పటికే ఏలూరు మిషను బోర్డింగులో వేశారు. వేసవి సెలవులకి ఇంటికొచ్చాను. ఒక ఆదివారం నాన్న కథల వరస సమూయేలు దగ్గరికి వచ్చింది. తప్పించుకోవడానికి లేదు, వెనకటి వారమే దాన్ని చెబుతానని పిల్లలకి మాటిచ్చేశారు. హన్నా ఏడుపు చెప్పారు, మొక్కు చెప్పారు, పాలు మాన్పించి షిలోహు గుడికి తీసుకెళ్లి ముసలి ఏలీకి అప్పగించడం చెప్పారు. తర్వాత గబగబా దణ్ణం పెట్టి ప్రార్థన మొదలుపెట్టబోయారు. ముందు వరసలో చిన్నపిల్ల ఒకత్తి, "అయ్యగారూ, అయితే మనకేంటండీ? అడగలేదేంటండీ?" అంది. నాన్న తలెత్తి ఆ పిల్లకేసి కాకుండా వంటింటి గుమ్మం కేసి చూశారు. అమ్మ చేట కింద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి మా పెరట్లో రోటి చప్పుడు వినబడింది. వేపాకు నూరుతోంది.

ఎవరూ ఆమెని నూరమనలేదు. ఆ ముద్ద తనే రొమ్ముకి పట్టించుకుంది. సామేలు పరిగెత్తుకొచ్చాడు, నోరు పెట్టాడు, ఉమ్మేశాడు. అమ్మ ముఖం కేసి చూశాడు. తన చొక్కా కొసతో తుడిచి మళ్లీ ప్రయత్నించాడు. అమ్మ కదలకుండా గోడకి తలానించి కూర్చుంది. ఆ మర్నాడు కూడా అంతే. తర్వాత వాడే రావడం మానేశాడు. కొల్లేటి ఒడ్డున నా పక్కన కూర్చుని నీళ్లలోకి గులకరాళ్లు విసురుతూ, "అక్కా, అమ్మ చేదైపోయింది" అన్నాడు. వాడికి అంతకంటే చెప్పడం రాలేదు.

బడులు తెరిచే ముందు నాన్న నన్నూ వాణ్ణీ కలిపి పడవెక్కించారు. అమ్మ రేవు దాకా వచ్చింది, పడవెక్కలేదు. మమ్మల్ని ఎప్పుడూ తీసుకెళ్లే పడవాయన కొల్లేట్లో చేపలు పట్టేవాడు, మా మతం కాదు. సామేలంటే ఆయనకి ముద్దు. నడి కొల్లేట్లోకి వచ్చాక గెడ వేస్తూ, "ఉపదేశిగారూ, మేం మొక్కుకుంటే కోణ్ణిస్తామండీ, మరీ అయితే మేకనిస్తామండీ. తలనీలాలిస్తాం. కడుపున పుట్టినోణ్ణి ఇచ్చేస్తారాండీ ఎవరైనా?" అన్నాడు. "దేవుడిచ్చినవాణ్ణి దేవుడికే ఇస్తున్నామయ్యా" అన్నారు నాన్న. "మరి మళ్లీ పుచ్చుకునేదానికి ఇవ్వడమెందుకండీ ఆయన?" అన్నాడు పడవాయన. నాన్న తల తిప్పుకుని గూడబాతుల కేసి చూడసాగారు. సామేలు పడవ అంచున వంగి నీళ్లలో చెయ్యి ఆడిస్తూ ఏదో పాట పాడుకున్నాడు.

బోర్డింగులో చిన్నపిల్లలకి వేరే కొట్టం ఉండేది, ఆడపిల్లల కాంపౌండుకి ఒక మూల. దాన్ని చూసుకునే మేట్రనమ్మ పెద్దావిడ, విధవరాలు, చూపు తగ్గింది గాని మనసు మంచిది. పైన అజమాయిషీ అంతా దొరసానమ్మది. ఆవిడ తెలుగు బాగా నేర్చుకుంది గాని నువ్వు అన్న మాట మాత్రం ఎవరూ నేర్పినట్టు లేరు. చిన్నపిల్లల్నీ మీరే అనేది, తోటలో దూరిన మేకనీ మీరు బయటికి వెళ్లండి అనేది. ఒకరోజు నూతి దగ్గర మేట్రనమ్మతో, పిల్లలకి నీళ్లు పోసి తలలు దువ్వడానికి ఇంకో మనిషి కావాలి కదండీ, ఎవరైనా ఉన్నారా అని అడుగుతోంది. నేను చేదతో అక్కడే ఉన్నాను. నాకు నాన్న చెప్పిన మోషే కథ గుర్తొచ్చింది. మోషేని జమ్ముపెట్టెలో పెట్టి నీళ్లలో వదిలితే, ఫరో కుమార్తె చూసి ఎత్తుకుంటే, జమ్ములో దాక్కున్న అక్క మిర్యాము బయటికొచ్చి, పాలిచ్చే దాదిని పిలుచుకు రమ్మంటారా అని అడిగింది కదా. అడిగి సొంత తల్లినే తీసుకొచ్చింది కదా. నా పేరు మిర్యమ్మ. నాకు అంతకంటే ఆలోచన అక్కర్లేకపోయింది. చేద కింద పెట్టేసి, "అమ్మగారూ, పిల్లల్ని బాగా చూసుకునే ఆవిడ ఒకరున్నారండీ. పిలుచుకు రమ్మంటారాండీ?" అన్నాను. "ఎవరండీ ఆవిడ?" అంది దొరసానమ్మ. "మా అమ్మండీ." ఆవిడ నా పేరడిగింది. చెప్పగానే ముందు నవ్వింది, తర్వాత కళ్లు తుడుచుకుంది. క్రిస్మస్ సెలవుల తర్వాత మీ అమ్మగారిని రమ్మనండి అంది. నా జీవితంలో దేవుడు వింటున్నాడని అంత గట్టిగా నమ్మిన రోజు మరొకటి లేదు.

సెలవులకి పిల్లలందరం ఇళ్లకి వచ్చేవాళ్లం. సామేలు రాలేదు. గుడికిచ్చిన సమూయేలు పండగలకి ఇంటికొచ్చినట్టు ఎక్కడా లేదు గనక. నేను పడవ దిగుతూనే అమ్మకి సంగతంతా ఊపిరి తిప్పుకోకుండా చెప్పాను. అమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. ఒక్క క్షణం ఆ ముఖం ఎలా వెలిగిందో నేను చూశాను. నాన్న చిలక్కొయ్యకి చొక్కా తగిలిస్తూ విన్నారు. "వెళ్లవే. నేనూ మా అమ్మా ఎలాగో వండుకు తింటాంలే. దొరసానమ్మే రమ్మన్నాక ఇంకేంటి?" అన్నారు. అప్పుడు అమ్మ నా చేతులు వదిలేసింది.

"వద్దండీ" అంది.

"ఏమే?"

"పాల పేరు చెప్పి ఇన్నేళ్లు దేవుణ్ణి మోసం చేశానండీ. ఆయనకి తెలీదా? తెలిసే ఊరుకున్నాడు. మళ్లీ జీతం పేరు చెప్పి మోసం చెయ్యమంటారా? ఇచ్చిన చేత్తోనే లాక్కోమంటారా?"

"అమ్మా, మోషే అమ్మ వెళ్లింది కదే" అన్నాను ఏడుస్తూ.

అమ్మ నా జుట్టు సవరించింది. "మోషే తల్లి మొక్కుకోలేదమ్మా. ఆవిడ పిల్లోణ్ణి ఆవిడ దాచుకుంది. నాకా హక్కు లేదు" అంది.

నాన్న ఎంత చెప్పినా వినలేదు. పల్లె మొత్తానికి వాక్యం విప్పి చెప్పే మనిషి, పెళ్లానికి మాత్రం చెప్పలేకపోయారు. అమ్మ పట్టుకున్నది ఆయన చెప్పిన కథనే. ఆ కోతపండక్కి అమ్మ ఒక చిన్న చొక్కా కుట్టించి తెచ్చింది, హన్నా ఏటేటా అంగీ తీసుకెళ్లింది కనక. సామేలుని మేట్రనమ్మ నీళ్లు పోసి తల దువ్వి తీసుకొచ్చింది. వాడు వచ్చినవాళ్లకి దణ్ణం ఎలా పెట్టమని నేర్పారో అలాగే చేతులు జోడించి, "వందనాలండీ" అన్నాడు. అమ్మ కూడా "వందనాలు బాబూ" అంది. చొక్కా భుజాల దగ్గర వదులైంది. తిన్నగా తింటున్నావా అని కూడా అడగలేదు, అడిగితే ఏడ్చేస్తుందని నాకు తెలుసు. సాయంత్రం పడవకి వెళ్లిపోయింది.

ఇప్పుడు మా ఏలూరు వీధిలో పదో తరగతి అవ్వగానే పిల్లల్ని విజయవాడ హాస్టళ్లలో వేస్తున్నారు. ట్రంకుపెట్టె, ఊరగాయ సీసా, ఆదివారానికొక ఫోను. తల్లులు బస్టాండులో ఏడుస్తారు, తండ్రులు టైము చూసుకుంటారు. వాళ్లని తప్పుపట్టను. ఎవరికి వాళ్లకి ఒక దేవుడుంటాడు, వీళ్ల దేవుడు ర్యాంకు. మా పల్లె నుంచి పడవ వచ్చిన దారంతా ఇవాళ చేపల చెరువుల గట్లు. లారీలు ఆ గట్ల మీంచి వెళ్తుంటే ఇక్కడ నీళ్లుండేవంటే మనవలు నమ్మరు. మా నాన్న చెప్పిన కథలనే ఇప్పుడు మైకుల్లో చెబుతున్నారు, మరింత బాగా చెబుతున్నారు. హన్నా కొడుకునిచ్చేసిందంటే హల్లెలూయ అంటున్నారు. ఇంటికెళ్లాక ఆ రాత్రి హన్నా ఎలా పడుకుందో అడిగే పిల్ల నాకింకా కనబడలేదు. గ్రంథంలో హన్నాకి తర్వాత ఇంకా కొడుకులూ కూతుళ్లూ పుట్టారు. అమ్మకి పుట్టలేదు. సమూయేలు గొప్ప నాయకుడు, రాజుల తల మీద నూనె పోసి పట్టం కట్టిన మనిషి, ఆయన నుంచి విశ్వాసం నేర్చుకోవచ్చు. నేను కాదనను. కాని విశ్వాసం అంటే విన్న ప్రతి కథా మన ఇంటి గుమ్మంలోకి వచ్చి మన బిడ్డని అడగడం కాదని, దేవుడు కథ కంటే దయగలవాడని, ఆ రోజుల్లో మా అమ్మకి చెప్పగలిగిన మనిషి మా కొల్లేటి చుట్టుపక్కల లేకపోయాడు. ఉన్న ఒక్కడూ పడవ నడుపుకుంటూ వెళ్లిపోయాడు. ఈ మాట చెప్పడానికి నాకు ఇంత వయసు పట్టింది, ఇంత కోపమూ పట్టింది.

ఆ కోతపండగ తర్వాతి వానాకాలంలో బోర్డింగులో జ్వరాలు వచ్చాయి. చాలామంది పిల్లలకి వచ్చింది, చాలామందికి తగ్గింది. దొరసానమ్మ డాక్టర్ని పిలిపించింది, సామేలుకి తన మంచమే ఇచ్చింది. నన్ను లోపలికి రానివ్వలేదు, అంటుకుంటుందని. కిటికీ లోంచి వాడి కాళ్లు కనిపించేవి. వాడు పోయిన మర్నాడు గాని అమ్మా నాన్నా రాలేకపోయారు, కొల్లేరు పొంగి ఉంది. అప్పటికే మట్టి చేసేశారు. మేట్రనమ్మ వసారాలో చాప వేసి అమ్మని కూర్చోబెట్టింది. నేను అమ్మ ఒళ్లో తల పెట్టుకుని ఉన్నాను. నాన్న స్తంభం పట్టుకుని నిలబడ్డారు, ఆ గంజి చొక్కాతోనే, అది బురదలో తడిసి ఉంది.

"ఏం బాధపడలేదమ్మా" అంటోంది మేట్రనమ్మ. "చివరి రోజుల్లో దీపాల వేళకి మాత్రం లేచి కూర్చునేవాడు. పిలిచారాండీ అని నా దగ్గరికి వచ్చేవాడు. నేను పిలవలేదు నాయనా, వెళ్లి పడుకో అనేదాన్ని. వెళ్లి పడుకునేవాడు, మళ్లీ లేచి వచ్చేవాడు. జ్వరం మీద అలా అనిపిస్తుందమ్మా. ఎవరూ పిలవలేదని ఎంత చెప్పినా వినేవాడు కాదు."

నాన్న స్తంభానికి నుదురు ఆనించారు. గుడిలో పడుకున్న సమూయేలు, రాత్రి దేవుడు పిలిస్తే ఏలీ పిలిచాడనుకుని ఇలాగే మళ్లీ మళ్లీ లేచి వెళ్లిన కథ ఆయన ఎన్ని ఆదివారాలు చెప్పారో.

అమ్మ తలెత్తింది. "ఏ వేళకన్నారండీ?"

"దీపాల వేళకమ్మా."

"నేనేనండీ పిలిచింది" అంది అమ్మ. "అందరి పిల్లలూ ఆటలాపి ఇళ్లకొచ్చే వేళ కదాండీ. వాణ్ణి పంపినకాడ్నించీ రోజూ ఆ వేళకి నీళ్లరేవులోకెళ్లి నిలబడి పిలుస్తున్నానండీ. ఇచ్చేసినోణ్ణి పిలవకూడదని తెలుసు. ఈయనక్కూడా చెప్పలేదు. ఇంత దూరం వినపడదులే, తప్పు లేదులే అనుకుని గట్టిగానే పిలిచేదాన్నండీ."

మేట్రనమ్మ చూపు ఆనని కళ్లు చికిలించి అమ్మ ముఖం కేసి వంగింది.

"వాడేమని పలికేవాడండీ?" అని అడిగింది అమ్మ.

"వస్తున్నానమ్మా అనేవాడమ్మా."

"అయితే వినపడిందండీ" అంది అమ్మ నాన్న కేసి తిరిగి. అలా అన్నప్పుడు ఆమె ముఖం మీద సంతోషం చూశాను. ఆ సంతోషాన్ని నేను ఇవాళ్టికీ భరించలేకపోతున్నాను.